గొప్ప బౌట్ అంటే ఏది? ఉత్తర చెన్నైలో తెగని వాదం వెనుక కథ

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో బాక్సర్ నిఖత్ జరీన్ ఓడిపోయింది. నిజామాబాద్ అమ్మాయి కాబట్టి, వాషర్‌మెన్‌పేటలోని మా తెలుగువాళ్లకు ఆమె మన ఇంటి పిల్ల. ఐదుగురు జడ్జీలూ చైనా బాక్సర్ వూ యూ వైపే మొగ్గారు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు డీలా పడి కూర్చుంటే, ఒకప్పుడు రింగ్‌లోకి దిగిన పెద్దాయన ఒకరు, "ఓటమి సంగతి పక్కన పెట్టండిరా, ఆ వూ యూ ఎంత బాగా ఆడిందో చూశారా?" అన్నారు. "5-0 అంటే ఇంక చూసేదేముంది తాతా?" అన్నాడు ఒక కుర్రాడు. గెలుపు వేరు, గొప్పగా ఆడటం వేరు అన్న వాదన మళ్లీ మొదలైంది. ఈ పేటల్లో అది చాలా పాత వాదన.

ఉత్తర మద్రాసుకు బాక్సింగ్ తెల్లవాళ్ల కాలంలో వచ్చింది. సైనికుల దగ్గర, ఆంగ్లో ఇండియన్ల దగ్గర చూసి నేర్చుకున్న రేవు కూలీలు, జాలరులు, మిల్లు కార్మికులు దాన్ని తమ ఆటగా చేసుకున్నారు. ఇడియప్ప నాయకర్ పరంపర, సార్పట్టా పరంపర లాంటి గురుకులాలు పుట్టాయి. ఒక పరంపర కుర్రాడు ఇంకో పరంపర కుర్రాడితో తలపడితే అది రెండు పేటల పరువు. వాళ్లు దాన్ని 'రోసమాన కుత్తుచండై' అన్నారు, అంటే రోషంతో కూడిన గుద్దులాట. రోషం అన్న మాట తమిళంలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది కాబట్టి మాకు దాన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ ఆటలో పాయింట్ల కంటే నాకౌట్‌కే విలువ. ఎదుటివాడు లేవకపోతే గెలిచినట్టు. అయినా అప్పటి పందేలు చూసినవాళ్లు ఎవరు ఎవరిని పడగొట్టారో చెప్పి ఊరుకోరు. కాళ్లు ఎలా కదిలించాడు, ఒంటిని ఎలా వంచి దెబ్బ తప్పించాడు, గార్డ్ (దెబ్బలకు అడ్డంగా పెట్టుకున్న చేతులు) ఎక్కడ తెరుచుకుంటుందని ఎన్ని రౌండ్లు కాచుకున్నాడు అన్నవే ఎక్కువ చెబుతారు. గెలుపు నిర్ణయించేది నాకౌటే అయినా, జనానికి గుర్తుండిపోయింది నేర్పు. ప్రేక్షకుల మధ్య గొడవలు ముదిరి, అనుమతులు దొరకడం కష్టమై ఆ పందేలు మెల్లగా ఆగిపోయాయి. కుర్రాళ్లు ఒలింపిక్స్‌లో ఆడే అమెచ్యూర్ బాక్సింగ్ వైపు మళ్లారు. చెన్నైకి చెందిన వి. దేవరాజన్ 1994లో బ్యాంకాక్ ప్రపంచకప్‌లో కాంస్యం తెచ్చాడు.

పరంపరల ఆట ఇంకా వెలుగులో ఉన్న రోజుల్లోనే, 1980లో, ముహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన బౌట్ ఆడాడు. ఎం.జి.ఆర్.తో అలీ ఉన్న ఫొటో గురించి ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజమైన పోటీ కాదని తెలిసే జనం వెళ్లారు. ఆయన కదలికను కళ్లారా చూస్తే చాలనుకున్నారు.

అలీ బౌట్లలో ఏది గొప్పదన్న ప్రశ్నకు ఇద్దరు అభిమానులు రెండు పేర్లు చెబుతారు. ఒకటి 1966 నవంబర్‌లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లండ్ విలియమ్స్ మీద ఆడింది. మూడు రౌండ్లలో ముగిసింది. అలీకి దెబ్బలు దాదాపు తగల్లేదు. చేతుల వేగం, కాళ్ల లయ, అంతా చూడముచ్చట. కానీ విలియమ్స్‌ను 1964లో ఒక పోలీసు తుపాకీతో కాల్చాడు. ఆయన ఒక కిడ్నీ పోగొట్టుకుని, కోలుకుని మళ్లీ రింగ్‌లోకి వచ్చిన మనిషి. అలీ నైపుణ్యంలో లోటేమీ లేదు. అయినా ఎదుటివాడి బలం తగ్గిపోయినప్పుడు ఆ ఆటకు దొరికిన పరీక్ష కూడా చిన్నదే అనిపిస్తుంది నాకు.

రెండోది 1974 అక్టోబర్ 30, ఆఫ్రికాలోని కిన్షాసా. అలీకి 32, జార్జ్ ఫోర్‌మన్‌కు 25. అంతకుముందు ఏడాది ఫోర్‌మన్ జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. తర్వాత కెన్ నార్టన్‌నూ రెండో రౌండ్లోనే ముగించాడు. అంతకు ముందు అలీని ఓడించిన వాళ్లు ఆ ఇద్దరూ. అలీ తన పాత పద్ధతిలో చుట్టూ తిరుగుతూ ఆడతాడని అందరూ అనుకున్నారు. కానీ మొదటి రౌండ్‌లో జాబ్ (ముందు చేత్తో వేసే చిన్న దెబ్బ) లేకుండా నేరుగా కుడి చెయ్యి విసిరాడు. అది దూరం నుంచి రావాలి, ఎదుటివాడు కాచుకోవడానికి టైమ్ దొరుకుతుంది, అందుకే పెద్ద బౌట్‌లో అంత ధైర్యం చెయ్యరు. రెండో రౌండ్ నుంచి తాళ్లకు ఆనుకున్నాడు. కార్నర్‌లో ఆయన ట్రైనర్ ఏంజెలో డండీ తాళ్ల దగ్గర్నుంచి బయటికి రమ్మని అరుస్తూనే ఉన్నాడు. అలీ దెబ్బల్ని చేతుల మీద, భుజాల మీద తీసుకుంటూ, మధ్యలో ఒకటి రెండు గట్టిగా తగిలిస్తూ, ఫోర్‌మన్ బలాన్నే ఫోర్‌మన్‌కు బరువు చేశాడు. ఎనిమిదో రౌండ్‌లో కథ ముగిసింది.

గొప్ప ప్రదర్శన అని నేను దీన్నే అంటాను. ఎదుటివాడు నిజంగా బలవంతుడై ఉండాలి. అతనికి బాగా వచ్చిన పని అతనికి దొరక్కుండా చెయ్యాలి. అది ముందే వేసుకున్న ప్లాన్ కావచ్చు, రింగ్‌లో అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కావచ్చు.

దీన్ని లెక్కల్లోకి ఎక్కించడమే అమెచ్యూర్ బాక్సింగ్‌కు ఎప్పుడూ తలనొప్పి. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలు గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్లు, పడినవాడు లేవడానికి పది లెక్కపెట్టడం తెచ్చాయి. ఎవరూ పడకుండా బౌట్ ముగిస్తే తీర్పు చూసేవాళ్ల చేతికి వస్తుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ జూనియర్ కొట్టిన దెబ్బల్లో 86 తగిలాయని, కొరియా బాక్సర్ పార్క్ సి-హున్‌వి 32 మాత్రమే తగిలాయని టీవీ లెక్క. జడ్జీలు 3-2తో పార్క్‌ను గెలిపించారు. అదే ఒలింపిక్స్‌లో అందరికంటే చక్కని శైలి ఉన్న బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం వెండి పతకంతో సరిపెట్టుకున్న జోన్స్‌కే దక్కింది. ఎవరు బాగా ఆడారో నిర్వాహకులకూ తెలుసన్నమాట.

ఆ అవమానం తర్వాత కంప్యూటర్ వచ్చింది. 1992 బార్సిలోనా నుంచి ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక సెకను లోపల బటన్ నొక్కితేనే పాయింట్. పక్షపాతానికి మందు అనుకున్నారు, కానీ ఆట రూపమే మారిపోయింది. వరసగా నాలుగు దెబ్బలు వేస్తే నాలుగూ లెక్కకు అందవు. పొట్ట మీద కొట్టేది కంటికి స్పష్టంగా ఆనదు. దాంతో దూరం నుంచి ఒక్కటి తాకించి, గార్డ్ మూసుకుని, ఆధిక్యాన్ని కాపాడుకోవడం నేర్చుకున్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన విజేందర్ సింగ్ క్వార్టర్‌ఫైనల్ గెలిచింది 9-4తో. కాంస్యం ఖాయమై దేశమంతా సంబరపడింది, నేనూ పడ్డాను. నాలుగు రౌండ్ల కష్టానికి ఇద్దరికీ కలిపి పదమూడే పాయింట్లు!

2013లో ఆ పద్ధతి ఎత్తేశారు. రౌండ్ గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు మామూలుగా 9. జడ్జీలు చూడాల్సింది తగిలిన మంచి దెబ్బలు, టెక్నిక్‌లోనూ ఎత్తుగడల్లోనూ పైచేయి, పోరాట పటిమ. కాగితం మీద ఇది మన టీ కొట్టు పెద్దాయన చూసే చూపుకు బాగా దగ్గర. కానీ చూపు మనుషులది. 2016 రియోలో తీర్పుల మీద పెద్ద రచ్చ జరిగింది. అక్కడ బౌట్ల ఫలితాలు తారుమారు చేశారని 2021లో మెక్‌లారెన్ విచారణ తేల్చింది.

నిఖత్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్ మీద ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడూ ఫలితం 5-0. జడ్జీల స్కోర్ కార్డులు విప్పి చూస్తే, మూడు రౌండ్లకు కలిపి ఇద్దరు 30-27 అన్నారు, ముగ్గురు 29-28 అన్నారు. అంటే ముగ్గురి లెక్కలో జుటామస్ ఒక రౌండ్ లాక్కుంది. నిఖత్ దాని నుంచి తేరుకుని గెలిచింది. 5-0 అన్న అంకెలో ఆ తేరుకోవడం కనిపించదు, నాకు ఆ బౌట్‌లో నచ్చిందే అది.

పారిస్‌లో నిఖత్‌కు సీడింగ్ (బలమైనవాళ్లు మొదట్లోనే తలపడకుండా ఇచ్చే ర్యాంకు) లేదు. అందుకే ప్రి-క్వార్టర్స్‌లోనే వూ యూ ఎదురైంది. నిఖత్ ముందుకు వచ్చి కలియబడే బాక్సర్. ఆ దూరం ఆమెకు దొరకనివ్వకుండా, లోపలికి వచ్చినప్పుడల్లా వూ యూ కాలు మార్చి పక్కకు తప్పుకుంది. తర్వాత అదే విభాగంలో స్వర్ణం గెలిచింది. టీ కొట్టు దగ్గర పెద్దాయన ఫోన్‌లో ఆ బౌట్ మళ్లీ పెట్టించారు. రెండో రౌండ్‌లో ఆపి, "ఆ అమ్మాయి కాళ్లు చూడు, చేతులు కాదు" అని కుర్రాడికి చూపించారు. వాడు ఇంకోసారి వెనక్కి జరిపి చూశాడు.