చావింట్లో వంత పలికేవాళ్లు

కడప జిల్లా మైదుకూరు పక్క పల్లెల్లో పొద్దుగూకినాక ఎవరైనా పోతే శవాన్ని తెల్లారేదాకా ఉంచుతారు. కబురు ముందు బంధువులకు పోతుంది, ఆ వెంటనే భజన వాళ్లకు. ఈ మధ్య మాత్రం రెండో కబురు దగ్గర మాటామాటా వస్తోంది. వాళ్లనెందుకు పిలవడం, పెన్‌డ్రైవ్‌లో తత్వాలు, అంటే ఒంటి గురించీ చావు గురించీ చెప్పే పాటలు, ఉన్నాయి కదా, స్పీకర్ పెడితే సరిపోదా అని.

మా జేజి (అవ్వ) పోయిన రాత్రి నాకు పద్నాలుగేళ్లు. అరుగు మీద చాప పరిచి ఏడెనిమిది మంది కూర్చున్నారు. హార్మోనియంలో ఒక మెట్టు పలకదు, దాన్ని దాటేసి వాయిస్తున్నాడు ఆ పెద్దాయన. తంబుర, రెండు జతల తాళాలు, డోలక్. అర్ధరాత్రి దాటినాక టీ. నేను గోడకానుకుని కూర్చుంటే పక్కనాయన మోకాలి మీద తట్టి, "వంత పలుకబ్బీ, నోరు మూసుకోని కూచుంటే నిద్రొస్తాది" అన్నాడు. పాట రాదన్నాను. ఆయన ఆ మాట విననట్టే ఊరుకున్నాడు.

నిజానికి రానక్కర్లేదు. ముందు పాట పాడేవాడు ఒక చరణం అంటాడు, మిగతావాళ్లు అదే తిరిగి అంటారు. నాలుగో చరణానికల్లా ఎవరికైనా నోరు తిరుగుతుంది. ఆ తత్వాల్లో ఓదార్పు మాటలేమీ ఉండవు. ఒళ్లంటే తోలుతిత్తి, తొమ్మిది వాకిళ్ల కొంప, పగిలిపోయే కుండ. శవం పక్కన కూర్చుని పాడాల్సిన మాటలేనా ఇవి అనిపిస్తుంది. కానీ లోపల ఆడవాళ్ల ఏడుపు ఒకపక్క, బయట పాట ఒకపక్క, రెండూ ఒకే లయలో పడే గడియ ఒకటి వస్తుంది. మా అత్త ఏడుపు ఆపి వచ్చి గడపలో కూర్చున్నది అప్పుడే.

ఈ తత్వాలకు మా వైపు పెద్ద దిక్కు పోతులూరి వీరబ్రహ్మం. బనగానపల్లెలో అచ్చమ్మ గారి ఆవులు కాచి, కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డాడు. ఆ ఊరే ఇప్పటి బ్రహ్మంగారి మఠం. ఆయన శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడు. గురువు జీవసమాధిలోకి వెళ్లే రోజున సిద్దయ్యను పూలకని బనగానపల్లె పంపించాడంటారు. పూలు పట్టుకుని వచ్చేసరికి సమాధి మూసేశారు. సిద్దయ్య ఏడ్చిన ఏడుపుకు గురువు మళ్లీ కనిపించి తన యోగదండం, పాదుకలు ఇచ్చాడని కథ. పల్లెల్లో బ్రహ్మంగారి నాటకం ఆడినప్పుడు జనం కళ్లు తుడుచుకునేది ఈ చోటే. కడసారి చూపు దక్కని మనిషి దుఃఖం ఈ పాటల పుట్టుకలోనే ఉంది. అవి చావింటికి చేరడంలో వింతేముంది? ఏటా వైశాఖ శుద్ధ దశమికి మఠంలో ఆరాధన జరుగుతుంది, ఆ రాత్రి ఎక్కడెక్కడి తంబురలో అక్కడ చేరతాయి.

చావుకే కాదు, ఈ నేల మీద కరువుకూ పాటే. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్నవి బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు.  వానలు మొహం చాటేస్తే మా పల్లెల్లో భారతంలోని విరాటపర్వం చదివిస్తారు, రామాలయంలో ఏకాహం పెడతారు. ఒక పగలు, ఒక రాత్రి నామం ఆగకూడదు కాబట్టి వంతులేసుకుంటారు. ఆ గుంపే చావింటికీ వస్తుంది. వాన పడిందా లేదా అన్నది వేరే లెక్క. ఆకలితో ఒంటరిగా పడుకోవడం కంటే పదిమందితో మేలుకోవడం నయమనుకున్నారేమో.

1963లో కడపకు రేడియో కేంద్రం వచ్చింది. తర్వాత క్యాసెట్లు, మైక్‌సెట్లు, పెన్‌డ్రైవ్‌లు. వాటి గురించి చెప్పేదేముంది, వినడం సులువైంది, వంత తగ్గింది.

వంత అసలు తెగిపోయింది 2020లో. లాక్‌డౌన్ నిబంధనల్లో అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్నారు. నలుగురు మోయాలి, ఇంటివాళ్లుండాలి, ఇక భజన వాళ్లకు చోటెక్కడ? మా వీధిలో ఆ ఏడు పోయిన ఒక ముసలాయనకు బ్లూటూత్ స్పీకర్‌లో తత్వాలు పెట్టారు. నడుమ నడుమ ప్రకటనలు వచ్చాయి. తప్పు పట్టలేం, భయం అలాంటిది. అలా మొదలైనది భయం పోయినాక కూడా ఆగలేదు. ఖర్చు తక్కువ, రాత్రంతా టీలు కాచే పనీ లేదు.

పోయిన ఏడాది మాత్రం మా చిన్నాయన ఇంట్లో పట్టుబట్టి గుంపునే పిలిపించారు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. వడ్లు కొలిచే శేరుకు ఫోన్ ఆనించి వీడియో కాల్ పెట్టారు. అక్కడి నుంచి అతనూ వంత పలికాడు. నెట్ అంతంతమాత్రం కదా, అందరూ అనేసిన రెండు క్షణాలకు అతని గొంతు వచ్చేది. ముందు పాట పాడే పెద్దాయన మొదట తికమకపడ్డాడు. తర్వాత ప్రతి చరణం చివరా తాళం ఆపి, ఆ గొంతు వచ్చేదాకా ఉండి, అప్పుడు తర్వాతి చరణం ఎత్తుకున్నాడు.