బొమ్మను కొట్టిన పిల్లలు, కోర్టుకెక్కిన సహసంబంధం

2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియా చట్టం ఒకదాన్ని కొట్టేసింది. హింసాత్మక వీడియో గేమ్‌లను పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు అమ్మకూడదని 2005లో చేసిన చట్టం అది. అసలు కారణం వాక్‌స్వాతంత్ర్యమే. కానీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా పరిశోధనల జోలికీ వెళ్లారు. రాష్ట్రం చూపించినవి దాదాపు అన్నీ సహసంబంధం (రెండు విషయాలు కలిసి పెరగడం, తగ్గడం) మీద నిలబడ్డవేనని, గేమ్‌ల వల్లే పిల్లలు దూకుడుగా మారుతున్నారని అవి రుజువు చేయలేదని అన్నారు. ఈ గొడవ అప్పటికి యాభై ఏళ్ల నాటిది.

టెట్, డీఎస్సీకి చదివినవాళ్లకు మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా పేరు కొత్త కాదు. 1961లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో 72 మంది చిన్నపిల్లలతో ఆయన బృందం ఓ ప్రయోగం చేసింది. 24 మంది ముందు పెద్దవాళ్లు ఒకరు బోబో బొమ్మను చితకబాదారు. మన తంజావూరు బొమ్మలా పడేసినా మళ్లీ లేచే గాలి బొమ్మ అది. చెక్క సుత్తితో కొట్టడం, తన్నడం, పైగా ‘ముక్కు మీద కొట్టు’ అని అరవడం. ఇంకో 24 మంది చూసిన మనిషి ఆ బొమ్మ వైపే వెళ్లలేదు. మిగతావాళ్లకు ఎవరినీ చూపించలేదు. తర్వాత పిల్లలకు మంచి మంచి బొమ్మలిచ్చి, అంతలోనే అవి వేరేవాళ్లవని ఆపేసి, కాస్త ఉడికించారు. చివరికి బోబో ఉన్న గదిలో వదిలి, అద్దం వెనక నుంచి 20 నిమిషాలపాటు ప్రతి 5 సెకన్లకూ ఏం చేస్తున్నారో రాసుకున్నారు. బాదుడు చూసిన పిల్లలు అచ్చం అలాగే బాదారు, కొందరు అవే మాటలన్నారు.

ఎవరు ఏం చూడాలో పరిశోధకులే నిర్ణయించారు కాబట్టి, తేడా చూసినదాని వల్లే వచ్చిందని చెప్పొచ్చు. ప్రయోగ పద్ధతి బలం అదే. కానీ కొట్టడానికే చేసిన బొమ్మను కొడితే అది దూకుడా, ఆటా? చెల్లెల్ని కొట్టడం, బోబోను కొట్టడం ఒకటి కాదు కదా.

మరో మనస్తత్వవేత్త లియొనార్డ్ ఎరాన్ ఇంకో దారి పట్టాడు. 1960లో న్యూయార్క్ రాష్ట్రం కొలంబియా కౌంటీలో మూడో తరగతి పిల్లలు ఎనిమిది వందల మందికి పైగా తీసుకున్నాడు. మీవాడికి ఏ టీవీ షోలు ఇష్టమని తల్లుల్ని, ఎవరు ఊరికే గొడవ పెట్టుకుంటారని తోటి పిల్లల్ని అడిగారు. పదేళ్ల తర్వాత 427 మందిని వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. మగపిల్లల్లో చిన్నప్పటి హింసాత్మక షోల ఇష్టానికీ, పెద్దయ్యాక దూకుడుకూ సహసంబంధ గుణకం (0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తి సంబంధం) 0.31. తిప్పి చూస్తే, చిన్నప్పటి దూకుడుకూ పెద్దయ్యాక షోల ఇష్టానికీ 0.01 మాత్రమే. ఆడపిల్లల్లో ఇలాంటి సంబంధం కనబడలేదు. ఇది బొమ్మ కాదు, అసలు జీవితం. అయినా ఇంట్లో పట్టించుకునే దిక్కులేని పిల్లవాడు అలాంటి షోలూ చూస్తాడు, కొట్లాటకూ దిగుతాడేమో! ఆ మూడో కారణాన్ని గుణకం పట్టి ఇవ్వదు.

ప్రయోగం, సహసంబంధం అనే ఈ రెండు దారులూ మనస్తత్వశాస్త్రం పుట్టినప్పటి నుంచే వేరు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ మనస్తత్వ ప్రయోగశాల పెట్టాడు. 1884లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ లండన్ ఎగ్జిబిషన్‌లో మూడు పెన్నీలు తీసుకుని, వచ్చినవాళ్ల చూపు, పట్టు బలం, ఎత్తు కొలిచాడు. సహసంబంధం అనే లెక్క 1888లో ఆయన తెచ్చిందే. ఈ రెండు శిబిరాలూ కలవాలని 1957లో లీ క్రాన్‌బాక్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్ష ప్రసంగంలోనే అడిగాడు.

స్కాలియా ముందుకు వచ్చిన వాటిలో ల్యాబ్ ప్రయోగాలూ ఉన్నాయి: గేమ్ ఆడాక కొద్ది నిమిషాల్లో అవతలివాళ్లకు ఎంత పెద్ద శబ్దం వినిపిస్తారో చూసినవి. వాటినీ సహసంబంధం కిందే జమకట్టి, జడ్జిగారు రెంటినీ ఒకే గాటన కట్టేశారనిపిస్తుంది. ప్రభావం చాలా చిన్నదన్న ఆయన మాట మాత్రం తీసిపారేయలేం. విభేదించిన జస్టిస్ బ్రేయర్ తన తీర్పు చివర పరిశోధనల పొడవైన జాబితానే జతచేశారు.

2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వెయ్యిమందికి పైగా బ్రిటిష్ టీనేజర్లను, వాళ్ల తల్లిదండ్రులను అడిగి, హింసాత్మక గేమ్‌లకూ దూకుడుకూ సంబంధం కనబడలేదన్నారు. ఏం లెక్కిస్తారో, ఎలా లెక్కిస్తారో ముందే నమోదు చేసి మరీ చేశారు. అదీ సహసంబంధ అధ్యయనమే. పదేళ్లపాటు కొందరు పిల్లలకు హింసాత్మక గేమ్‌లిచ్చి, కొందరికి ఇవ్వకుండా పెంచమంటే ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు?