టక్కుమనే బిళ్ల

నాన్న వాడిన పాత మారుతి 800 కారు పోయిన వేసవిలో నా చేతికొచ్చింది. తాళం తిప్పగానే రేడియేటర్ ఫ్యాన్ గిర్రున తిరిగేది, బండి ఆపేదాకా ఆగేది కాదు. బానెట్ ఎత్తి చూస్తే సంగతి అర్థమైంది. టెంపరేచర్ స్విచ్ వైరు పీకేసి ఫ్యాన్‌ని డైరెక్ట్ చేశారు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వు, థర్మోస్టాట్, అది కూడా తీసేశారు.

ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని చాలామంది నమ్మకం. నిజానికి కూలెంట్, అంటే ఇంజన్ వేడిని లాగే నీళ్ల వేడి 90 డిగ్రీల దగ్గర ఉంటేనే ఇంజన్‌కి సుఖం. చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా ఆవిరవదు, ఆయిల్ చిక్కగానే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది.

అంబాసడర్‌లో ఈ గొడవ లేదు, ఫ్యాన్‌ని ఇంజన్ బెల్టే తిప్పేది. మారుతి 800లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. బెల్టు తిరిగే పుల్లీ పక్కకి తిరిగి ఉంటే, గాలి కావాల్సిన రేడియేటర్ ముందుకి తిరిగి ఉంటుంది. అందుకే కరెంటు ఫ్యాన్. దానికి ఎప్పుడు తిరగాలో చెప్పేది బొటనవేలంత స్విచ్.

ఆ స్విచ్ లోపల మూకుడులా కాస్త వంపు తిరిగిన చిన్న బిళ్ల ఉంటుంది. రెండు లోహపు రేకుల్ని అతికించి చేస్తారు. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. ఆ లాగులాట పెరిగి పెరిగి, ఒక్కసారిగా బిళ్ల అటువైపు తిరగబడుతుంది, నొక్కితే టక్కుమనే డబ్బా మూతలాగా. మెల్లగా వంగితే ఏం? కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు లేచి అవి కాలిపోతాయి. తిరగబడిన బిళ్ల వెనక్కి రావాలంటే వేడి ఇంకొంచెం తగ్గాలి. నేను కొన్న స్విచ్ మీద 92–87 అని ఉంది. 92కి ఫ్యాన్ ఆన్, 87కి ఆఫ్. ఈ ఐదు డిగ్రీల తేడా లేకపోతే సిగ్నల్ దగ్గర ఫ్యాన్ క్షణానికోసారి ఆగుతూ తిరుగుతూ ఉండేది.

బిగించే ముందు పాత స్టీలు గిన్నెలో నీళ్లు కాచి, స్విచ్‌ని దారంతో వేలాడదీసి, రెండు పిన్నులకీ, అవి లోపల కలిస్తే బీప్‌మనే మీటరు పెట్టాను. హైదరాబాద్ ఎత్తుకి నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా 92 చూడటానికి చాలు. థర్మామీటర్ 93 దగ్గరుండగా సన్నగా టక్కుమంది, మీటరు బీప్ మొదలైంది. స్టవ్ కట్టేశాక 87కి మళ్లీ టక్. ఎంత ముచ్చటేసిందో!

ముందు థర్మోస్టాట్ పెట్టాను, అది 82కి తెరుచుకుంటుంది. స్విచ్ అంతకన్నా పైన పనిచేసేదే కావాలి, లేదంటే ఫ్యాన్‌కి విశ్రాంతే ఉండదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. మూత పెట్టే ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు 100 దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. ఫ్యాన్ మోటారు లాగే కరెంటు ఈ చిన్న కాంటాక్టులకి భారం కాబట్టి మధ్యలో రిలే పెట్టాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. రిలే పిన్నుల మీద అంకెలుంటాయి: 30కి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ, 87కి ఫ్యాన్, 86కి తాళం వైరు, 85 నుంచి స్విచ్ ద్వారా ఎర్త్.

కూలెంట్ నింపాక గాలి బుడగలు పోయేదాకా ఓపిక పట్టాలి. స్విచ్ మొన గాలిలో ఉండిపోతే నీళ్ల వేడి దానికి సరిగ్గా తెలియదు. ఏసీ ఆపి, బండిని నిలబెట్టి స్టార్ట్ చేశాను. టెంపరేచర్ ముల్లు సగం దాటేసరికి టెన్షన్ మొదలైంది. ఫ్యాన్ గిర్రుమంది. కాసేపటికి దానంతటదే ఆగింది. మళ్లీ తిరిగి, మళ్లీ ఆగాక బానెట్ దించాను.