రీస్టోర్ పాయింట్లు మాయమైపోయాయా? అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేసే పని నాది. కంప్యూటర్ మొరాయిస్తే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచి ఉంచుకునే పాత స్థితినే రీస్టోర్ పాయింట్ అంటారు, అక్కడికి తీసుకెళ్లే సాధనం సిస్టమ్ రీస్టోర్. "నిన్నటిదాకా రీస్టోర్ పాయింట్లు ఉన్నాయండీ, ఇవాళ చూస్తే ఒక్కటీ లేదు" అనే మాట తరచుగా వింటుంటాను. ఆ మాట వెనకే కొన్ని అపోహలు కూడా వస్తాయి, వాటివల్ల చేజేతులా చేసుకునే నష్టమే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జాబితాలో కనపడకపోతే పోయినట్టే.

కాదు. సిస్టమ్ రీస్టోర్ తెరవగానే ఈమధ్యవి మాత్రమే చూపిస్తుంది. కింద "షో మోర్ రీస్టోర్ పాయింట్స్" అని చిన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. అప్పటికీ ఏమీ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, వీఎస్ఎస్ఏడీఎంఐఎన్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే మాటగా కొట్టి, పక్కన లిస్ట్ షాడోస్ అని చేర్చండి. అక్కడ కూడా ఏమీ లేదంటేనే నిజంగా లేనట్టు.

అపోహ: విండోస్ రోజూ తనంతట తానే ఒకటి తయారుచేస్తుంది.

చాలా ఇళ్లలో నేను చూసేది వేరు. విండోస్ 10, 11 ఉన్న కొత్త కంప్యూటర్లలో సి డ్రైవ్‌కి సిస్టమ్ ప్రొటెక్షన్, అంటే ఈ పాయింట్లను తయారుచేయించే సెట్టింగ్, ఆఫ్‌లోనే ఉండటం మామూలే. అంటే పాయింట్లు పోలేదు, అసలు పుట్టలేదు. ఇంకో సంగతి, విండోస్ 8 నుంచి ఒక నియమం ఉంది: గడిచిన 24 గంటల్లో ఒక పాయింట్ తయారై ఉంటే, ఏదైనా ఇన్‌స్టాలర్ అడిగినా విండోస్ మామూలుగా ఇంకోటి చేయదు. కాబట్టి డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) లాంటిది వేసే ముందు సిస్టమ్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి మీరే క్రియేట్ నొక్కండి, అర నిమిషం పని.

అపోహ: ఏ కారణం లేకుండా వాటంతట అవే పోతాయి.

కారణం ఉంటుంది, దాదాపు ప్రతిసారీ అది ఎక్కడో రాసి కూడా ఉంటుంది. మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. ప్రింటర్ డ్రైవర్ ఒకటి వేశాక ఆయన లాప్‌టాప్ మొరాయించింది, వెనక్కి వెళ్దామంటే పాయింట్లు లేవు. "మొన్న నేనే చూశానయ్యా, మూడున్నాయి" అంటారాయన. కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే చోట వోల్‌స్నాప్ (ఈ పాయింట్లను దాచే విండోస్ భాగం) పేరుతో వచ్చినవి వెతికాను. శనివారం రాత్రి 10 దాటాక 36వ నంబరు ఈవెంట్ ఉంది. "మాస్టారూ, శనివారం రాత్రి ఏం చేశారు?" అంటే కాసేపు ఆలోచించి, పాత వీడియోలు తీసేసి మనవరాలి పెళ్లి వీడియోలు ఎక్కించానన్నారు. 128 జీబీ డిస్కు, అందులో రీస్టోర్‌కి కేటాయించింది 2 శాతం, అంటే రెండున్నర జీబీ.

అసలు పని జరిగే తీరు ఇదీ. రీస్టోర్ పాయింట్ అంటే డిస్కు మొత్తానికి జిరాక్సు కాదు. ఖాతా పుస్తకంలో అంకె దిద్దేముందు పాత అంకెను పక్క కాగితం మీద రాసి పెట్టుకుంటాం చూడండి, అలా డిస్కులో ఏదైనా మారబోతుంటే పాత ముక్కను మాత్రమే పక్కన దాస్తుంది. పాత వీడియోల జాగాలో కొత్తవి రాస్తున్నకొద్దీ ఆ పక్క కాగితం నిండిపోయింది, పరిమితి దాటి పెరగడానికి వీల్లేదు, దాంతో మొత్తం వదిలేసింది. 36 అంటే అదే. 33 అయితే చోటు చాలక అన్నిటికన్నా పాతది మాత్రమే తీసేసినట్టు. 25 అయితే డిస్కు మీద ఒక్కసారిగా పని పడి, దాచే చోటు ఆ వేగానికి పెరగలేక అన్నీ పోయినట్టు. ఆ వీడియోలను బయటి హార్డ్ డిస్కులోకి మార్చి, పరిమితి 8 శాతానికి పెంచాను.

అపోహ: వైరస్ వస్తే ముందు సిస్టమ్ రీస్టోర్ ఆఫ్ చేసి ఆన్ చేయాలి.

విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి సలహా ఇది, ఇంకా తిరుగుతోంది. దయచేసి చేయకండి. ఆఫ్ చేసిన క్షణమే ఆ డ్రైవ్ పాయింట్లన్నీ పోతాయి, మళ్లీ ఆన్ చేస్తే తిరిగి రావు. ముందు వైరస్ సంగతి చూసి, కంప్యూటర్ కుదురుకున్నాక కావాలంటే పాతవి తీసేయండి. డిస్క్ క్లీనప్‌లోని మోర్ ఆప్షన్స్ కూడా ఇలాంటిదే, అక్కడ క్లీనప్ నొక్కితే చివరిది ఒక్కటే మిగులుతుంది. "ఫాస్ట్ చేస్తాం" అంటూ ఎవరైనా మీ కంప్యూటర్ ముందు కూర్చుంటే వాళ్లు ఏం నొక్కుతున్నారో అడగండి, అది మీ హక్కు.

అపోహ: విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత పాతవి వాడుకోవచ్చు.

కుదరదు. ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కి మారితే పాత పాయింట్లు పోతాయి. దానికి బదులు సెట్టింగ్స్‌లో రికవరీ కింద "గో బ్యాక్" ఉంటుంది, మామూలుగా 10 రోజుల గడువు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్‌లో అయితే 2025 జూన్ అప్‌డేట్ నుంచి ఏ రీస్టోర్ పాయింట్ అయినా 60 రోజుల వరకే ఉంటుంది, డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా సరే.

అపోహ: రికవరీ సాఫ్ట్‌వేర్ కొంటే తిరిగొస్తాయి.

డబ్బు పెట్టకండి. ఇళ్లలో వాడే ఆ సాఫ్ట్‌వేర్లు పోయిన ఫొటోనో ఫైలునో ఒక్కోసారి తీసుకురాగలవు గానీ, చెదిరిపోయిన ఆ పాత ముక్కలను మళ్లీ వరస కట్టి రీస్టోర్ జాబితాలో పెట్టలేవు.

అపోహ: రీస్టోర్ చేస్తే పోయిన ఫొటోలు వస్తాయి.

రావు. అది సిస్టమ్ ఫైళ్లను, రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోటు), ప్రోగ్రాములను వెనక్కి తిప్పుతుంది, మీ ఫొటోల జోలికి పోదు. అయితే సి డ్రైవ్‌లో పాయింట్ బతికి ఉంటే, ఆ ఫొటోలు ఉండిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడండి, కొన్నిసార్లు పాత కాపీ అక్కడ దొరుకుతుంది.

చివరగా, టెన్షన్ పడాల్సిన సందర్భం ఒక్కటుంది. పాయింట్లన్నీ ఒకేసారి పోయి, వాటితో పాటు మీ ఫైళ్ల పేర్ల చివర ఎప్పుడూ చూడని అక్షరాలు చేరి, తెరుచుకోకపోతే అది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, కావచ్చు. మనం వెనక్కి వెళ్లకుండా అది ముందు చేసే పనుల్లో ఒకటి ఈ పాయింట్లను చెరిపేయడమే. వెంటనే నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి, బ్యాకప్ ఉన్న హార్డ్ డిస్కును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ కంప్యూటర్‌కి పెట్టకండి.