జాబితా ఎవరిది, ప్రకటన ఎవరిది? అకాడమీ అవార్డు వివాదానికి ముందు జరిగింది

2025 డిసెంబర్ 18న ఢిల్లీలో కేంద్ర సాహిత్య అకాడమీ విలేకరుల సమావేశం చివరి నిమిషంలో రద్దయింది. ఆ ఏటి అవార్డులు ప్రకటించాల్సిన రోజది. అవార్డుల పునర్వ్యవస్థీకరణ తమను సంప్రదించే జరగాలని అకాడమీతో కుదిరిన ఒప్పంద పత్రంలో ఉందని, తమ ఆమోదం లేనిదే ప్రకటన చేపట్టవద్దని కేంద్ర సంస్కృతి శాఖ నోట్ పంపింది. ‘పునర్వ్యవస్థీకరణ’ అన్న మాటలో అప్పటికే ఎంపికైన పుస్తకాల జాబితా కూడా ఎలా ఇమిడిందన్నదే ప్రశ్న.

1954లో అకాడమీ మొదలవడం, 1955లో తొలి తెలుగు అవార్డు సురవరం ప్రతాపరెడ్డికి రావడం అందరూ ఎరిగినవే. ఇప్పుడు చూడాల్సింది ఎంపిక జరిగే తీరు. అవార్డు ఏడాదికి ముందరి సంవత్సరాన్ని వదిలేసి, దానికి వెనకటి అయిదేళ్లలో తొలిసారి అచ్చైన పుస్తకాలే లెక్కలోకి వస్తాయి. 2025కైతే 2019 జనవరి 1 నుంచి 2023 డిసెంబర్ 31 వరకు. అనువాదాలు, సంక్షిప్త రూపాలు, పరీక్ష కోసం రాసిన సిద్ధాంత గ్రంథాలు పనికిరావు. నిపుణులు ముందు ఒక ప్రాథమిక జాబితా తయారుచేస్తారు. దాన్ని చూసి పరిశీలకులు ఒక్కొక్కరు రెండేసి పుస్తకాలు సూచిస్తారు. ఆ వడపోతలో మిగిలినవి ముగ్గురు న్యాయనిర్ణేతల ముందుకు వెళతాయి. ఏకాభిప్రాయం కుదరకపోతే మెజారిటీ. ఆపైన కార్యనిర్వాహక మండలి ఆమోదం, ప్రకటన. గెలిచిన వారికి తామ్ర ఫలకం, శాలువా, లక్ష రూపాయలు. ఈ మెట్లలో మంత్రిత్వ శాఖకంటూ ఒక మెట్టు లేదు.

మరి అది ఎక్కడ మొలిచింది? 2015లో అని నా లెక్క. ఆ ఆగస్టు 30న ధార్వాడలో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆయన 2006 అకాడమీ అవార్డు గ్రహీత. సొంత గ్రహీత హత్యను సంస్థ గట్టిగా ఖండించలేదన్నది రచయితల ఆరోపణ. బెంగళూరులో సంతాప సభ జరిపామన్నది అకాడమీ జవాబు. సెప్టెంబర్‌లో హిందీ రచయిత ఉదయ్ ప్రకాశ్, అక్టోబర్‌లో ఇంగ్లీషు రచయిత్రి నయనతార సెహగల్, హిందీ కవి అశోక్ వాజపేయి అవార్డులు వెనక్కిచ్చారు. తెలుగు నుంచి 2013 గ్రహీత కాత్యాయనీ విద్మహే ఆ వరుసలో చేరారు. అక్టోబర్ 23న మండలి అత్యవసరంగా సమావేశమై హత్యను ఖండించింది, అవార్డులు తిరిగి తీసుకోమని కోరింది. ఆ తీర్మానమే సెప్టెంబర్‌లో వచ్చి ఉంటే కథ అక్కడే ఆగేదేమో.

ఇక్కడే ఒక చిక్కు బయటపడింది. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకునే నిబంధన అకాడమీకి లేదు. ఆ కారణమే చెప్పి 2016 జనవరిలో సెహగల్ అవార్డును ఆమెకే తిప్పి పంపారు.

ఆ ఖాళీని పూడ్చబోయింది 2023 జులైలో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక. అప్పటి సంఘం అధ్యక్షుడు, అప్పట్లో మన రాజ్యసభ సభ్యుడైన వి. విజయసాయిరెడ్డే. రాజకీయ కారణాలతో అవార్డు వాపసు ఇవ్వడం దేశానికి అవమానమని, అందుకని అలా ఇవ్వబోమని రచయితల నుంచి ముందే రాతపూర్వక హామీ తీసుకోవాలని సిఫార్సు. సంఘంలోనే కొందరు ఒప్పుకోలేదు.

ఆచరణలో ఇది ఇంకా ఇబ్బంది. మండలి ఆమోదించేదాకా పేరు బయటికి రాకూడదు కదా. ముందే సంతకం కావాలంటే తుది వరుసలో ఉన్న రచయితలందరికీ కబురు పెట్టాలి. అంటే ఓడిపోబోయే వాళ్లూ హామీ రాసివ్వాలి. గుట్టు అక్కడే రట్టవుతుంది. 2025లో ఆ తంటా కూడా లేదు. రచయిత సంతకం అడగలేదు, జాబితానే ఆపారు.