సూర్యలంక పిక్నిక్‌కి ముందు చెప్పాల్సిన సునామీ పాఠం

బెజవాడ, గుంటూరు పిల్లలకు సునామీ గురించి చెబుతుంటే క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సముద్రం ఎక్కడో బందరు దగ్గరుంటే మనకెందుకు సార్ ఇది?" అడగాల్సిన ప్రశ్నే. బందరు, అంటే మచిలీపట్నం, బెజవాడకు డెబ్భై కిలోమీటర్లు. 2004 సునామీ విజయవాడ దరిదాపులకు కూడా రాలేదు. కానీ కార్తీక మాసం వచ్చిందంటే ఈ రెండు ఊళ్ళ నుంచే కదా మంగినపూడి, సూర్యలంక బీచ్‌లకు బస్సులకు బస్సులు బయల్దేరేది! తీరంలో పుట్టి పెరిగిన మత్స్యకారుల పిల్లలకు సముద్రం పోకడ ఎంతో కొంత తెలుసు. ఏడాదికోసారి వెళ్ళి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సెల్ఫీలు దిగే మన పిల్లలకు అది తెలియదు. 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా మార్గశిర పౌర్ణమి. ఆ రోజు ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. మంగినపూడిలో పోయినవాళ్ళలో సముద్ర స్నానానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అందుకే ఈ పాఠం తీరం ఊళ్ళ బడుల కంటే మన బడుల్లోనే గట్టిగా చెప్పాలని నేనంటాను.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. సముద్రం మీద పడటం అనగానే ఇక్కడి పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెన తుఫానుతో వచ్చింది. ఆకాశం నల్లబడింది, గాలి హోరెత్తింది, ఆ గాలే నీటిని ఒడ్డు మీదికి నెట్టింది. తాతయ్యలు, నాయనమ్మలు చెప్పింది విన్న పిల్లలు సునామీని కూడా అలాగే ఊహించుకుంటారు. సునామీకి వాతావరణంతో పనే లేదు. 2004లో ఆ ఆదివారం ఉదయం ఎండ కాస్తూనే ఉంది.

కారణం సముద్రం అడుగున ఉంది. భూమి పై పొర ఫలకాలనే పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది. సుమత్రా నుంచి నికోబార్, అండమాన్ దీవుల దాకా ఒక పొడవాటి హద్దు వెంట మన భారత ఫలకం పక్క ఫలకం కిందికి నెమ్మదిగా దూరుతూ ఉంటుంది. రెండూ జారకుండా పట్టేసిన చోట పై ఫలకం వందల ఏళ్ళపాటు ఒత్తిడికి వంగుతూ వస్తుంది. ఆ రోజు మన టైము ప్రకారం ఉదయం 6:29కి ఆ పట్టు వదిలింది. తీవ్రత 9.1. పగులు ఒక్కచోట ఆగకుండా కొన్ని నిమిషాల్లోనే ఉత్తరంగా 1200 కిలోమీటర్లకు పైగా పాకింది. సముద్రపు నేల కొన్నిచోట్ల మీటర్ల మేర పైకి లేచింది, ఇంకొన్నిచోట్ల కుంగింది. నేల లేస్తే దాని మీదున్న నీరు మొత్తం లేవాల్సిందే. అలా లేచిన నీరు మళ్ళీ సర్దుకోవడానికి నాలుగు వైపులా పరుగు తీయడమే సునామీ. సముద్రంలో కొండచరియలు విరిగిపడినా, అగ్నిపర్వతం పేలినా ఇది పుట్టొచ్చు గానీ, బంగాళాఖాతంలో మనం ప్రధానంగా లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ ఫలకాల హద్దునే.

మామూలు అలకీ దీనికీ తేడా చూపించడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పొడవాటి ప్లాస్టిక్ టబ్బులో అడుగున సన్నటి ఇసుక పరిచి, జానెడు లోతున నీళ్ళు పోయండి. ముందు ఒక పిల్లవాణ్ణి నీటి పైన ఊదమనండి. పైన చిన్న చిన్న అలలు లేస్తాయి, అడుగున ఇసుక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తరవాత టబ్బు ఒక చివర అడుగు దాకా ఒక అట్టనో పలకనో నిలువుగా దింపి ఒక్కసారి ముందుకు నెట్టమనండి. ఈసారి ఇసుక కూడా కదులుతుంది, అవతలి చివర నీళ్ళు అంచు దాటి పొర్లుతాయి. గాలికి లేచే అల పైపైన ఆడుతుంది. సునామీలో నీరు పై నుంచి అడుగు దాకా మొత్తం కదులుతుంది. ఈ ఒక్క సంగతి కళ్ళారా చూస్తే మిగతాది చాలా తేలిగ్గా ఎక్కుతుంది.

ఇక బోర్డు మీదికి రావాలి. సునామీ వేగం దాదాపుగా నీటి లోతును బట్టే ఉంటుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి, వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. బంగాళాఖాతం లోతు సగటున 3000 మీటర్లు అనుకుందాం. దాన్ని 9.8తో గుణిస్తే 29,400. వర్గమూలం సుమారు 171. అంటే సెకనుకు 171 మీటర్లు, గంటకు 600 కిలోమీటర్లకు పైనే. నికోబార్ వైపు నుంచి మచిలీపట్నం రమారమి 1500 కిలోమీటర్లు. భాగించమనండి: రెండున్నర గంటలు. 2004లో 6:29కి భూమి కంపిస్తే మన తీరానికి నీళ్ళు వచ్చింది కూడా 9 గంటల ప్రాంతంలోనే. పదో తరగతి లెక్కతో తేలిన ఈ రెండున్నర గంటలే మన పాఠానికి గుండెకాయ.

ఇదే లెక్క 10 మీటర్ల లోతుకు చేస్తే వేగం గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. కనకదుర్గమ్మ వారధి మీద ముందున్న లారీ స్లో అయితే వెనక బళ్ళన్నీ దగ్గరికొచ్చి కిక్కిరిసినట్టు, ఒడ్డు దగ్గర అల ముందు భాగం నెమ్మదించగానే వెనక నీరు వచ్చి కలిసి ఎత్తు పెరుగుతుంది. నడి సముద్రంలో ఆ ఎత్తు ఉండదు. భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 అనే ఉపగ్రహం పై నుంచి కొలిస్తే అల ఎత్తు అరవై సెంటీమీటర్ల ప్రాంతంలో తేలింది. లోతు నీళ్ళలో ఉన్న పడవకు సునామీ వెళ్ళిన సంగతే తెలియకపోవచ్చు.

పాఠాల్లో ఎక్కువగా చెప్పే గుర్తులు రెండు. భూమి గట్టిగా కంపించడం ఒకటి, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోవడం రెండు. పదేళ్ళ బ్రిటిష్ పాప టిల్లీ స్మిత్ సంగతి చాలామంది వినే ఉంటారు. థాయ్‌లాండ్ బీచ్‌లో నీటి తీరు చూసి, రెండు వారాల కిందట భూగోళం క్లాసులో విన్న పాఠం గుర్తు తెచ్చుకుని, అమ్మానాన్నలను హెచ్చరించింది. సుమారు వందమంది బతికారు. పాఠం ప్రాణాలు నిలబెడుతుందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కానీ అదే పాఠాన్ని యథాతథంగా తెచ్చి సూర్యలంకలో వాడితే చిక్కే. 2004లో పగులుకు పడమటి వైపు నేల లేచింది, తూర్పు వైపు కుంగింది. అందుకే థాయ్‌లాండ్ వైపు ముందు సముద్రం వెనక్కి తగ్గింది, మన వైపు మాత్రం ముందు అలే వచ్చింది. సముద్రం వెనక్కి పోతే పరుగెత్తాలి, అందులో అనుమానం లేదు. పోలేదు కాబట్టి భయం లేదనుకోవడమే ప్రమాదం. భూకంపం గుర్తు కూడా అంతే. అంత దూరాన వచ్చిన కంపం ఇక్కడ ఇసుకలో ఆడుకునే పిల్లాడికి తెలియకపోవచ్చు. నికోబార్‌లో అయితే నేల కదలగానే పరుగెత్తాలి, అక్కడ ఎవరి ఫోన్ కోసమూ ఆగకూడదు. మనం ఆధారపడాల్సింది అధికారిక హెచ్చరిక మీద.

2004లో అదే లేదు. పసిఫిక్ మహాసముద్రానికి హవాయిలో 1949 నుంచే హెచ్చరిక కేంద్రం ఉంది. హిందూ మహాసముద్రానికి అలాంటిదేదీ లేదు. నికోబార్ మునిగిపోయాక కూడా మన తీరంలో జనం స్నానాలు చేస్తూనే ఉన్నారు. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. రెండు గంటలకు పైగా టైమ్ ఉంది, చెప్పే దారే లేకపోయింది.

2007 అక్టోబరు నుంచి ఆ దారి ఉంది, అదీ హైదరాబాద్‌లో. ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) అనే సంస్థ ఆవరణలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. సముద్రం కింద పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల్లోపే అది ఎక్కడ, ఎంత లోతున, ఎంత తీవ్రతతో వచ్చిందో తేలుస్తారు. ముందే కంప్యూటర్లలో లెక్కగట్టి పెట్టుకున్న సునామీ నమూనాల్లోంచి దానికి దగ్గరి దాన్ని తీసి, ఏ తీరానికి ఎన్ని గంటలకు, ఎంత ఎత్తు అల రావచ్చో చెబుతారు. అసలు అల పుట్టిందో లేదో తేల్చేది సముద్రపు అడుగున కూర్చోబెట్టిన పీడన మీటర్లు. వేల మీటర్ల నీటి కింద ఉండి కూడా పైన నీటిమట్టంలో సెంటీమీటర్ల తేడాను పసిగడతాయి. ఆ కబురు శబ్ద సంకేతంగా పైన తేలే బోయకు, అక్కణ్ణుంచి ఉపగ్రహం ద్వారా హైదరాబాద్‌కు చేరుతుంది.

హెచ్చరికలో మూడు మెట్లున్నాయి. 'వార్నింగ్' అంటే తీరం వదిలి లోపలికి వెళ్ళిపోవాలి. 'అలర్ట్' అంటే బీచ్‌నీ నీటినీ వదిలి దూరంగా ఉండాలి. 'వాచ్' అంటే కంగారు పడకుండా తరవాతి సమాచారం కోసం చూడాలి. ఇవి తెలియక, సునామీ అన్న మాట వినపడగానే ఊరంతా టెన్షన్ పడిపోతుంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. తూర్పు తీరంలో జనం వీధుల్లోకి పరుగెత్తారు. పెద్ద సునామీ రాలేదు. ఆ భూకంపంలో నేల పైకి లేవలేదు, పక్కకు జరిగింది. టబ్బులో అట్టను నీటిలో పక్క అంచు మీదుగా, కత్తితో కోసినట్టు జరపమంటే నీళ్ళు పొర్లవని పిల్లలే కనిపెడతారు. హెచ్చరిక ఇచ్చాక అల రాకపోతే వ్యవస్థ తప్పు చేసిందని అనుకోకూడదని వాళ్ళకు అప్పుడే చెప్పాలి.

ఒకటి మాత్రం పదేపదే చెప్పాలి. సునామీ ఒక్క అలతో అయిపోదు. పదుల నిమిషాల తేడాతో మళ్ళీ మళ్ళీ వస్తుంది, మొదటిదే పెద్దదని కూడా లేదు. మధ్యలో నీళ్ళు తీసినప్పుడు చెప్పులకో, బ్యాగులకో, బయటపడ్డ చేపలకో వెనక్కి వెళ్ళినవాళ్ళు మునిగిపోతారు. అధికారులు చెప్పేదాకా తిరిగి వెళ్ళకూడదు.

పిక్నిక్‌కి ముందు రోజు పిల్లల చేత ఇంకో లెక్క చేయించండి. మన తీరంలో ఎక్కడానికి కొండలు లేవు, అంతా చదునే. కాబట్టి గట్టి మేడనో, తుఫాను షెల్టరునో ఎక్కాలి, లేదా లోపలికి నడవాలి. అందరూ ఒకేసారి బస్సులెక్కితే రోడ్డు జామ్ అవుతుంది, నడకే మేలు. సూర్యలంక నుంచి బాపట్ల సుమారు తొమ్మిది కిలోమీటర్లు. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల చొప్పున నడిస్తే రెండు గంటలు. నికోబార్, సుమత్రా వైపు భూకంపం వచ్చి, హెచ్చరిక అందడానికి పావుగంట పట్టినా, ఆ వెంటనే బయల్దేరిన పిల్లలు అల ఒడ్డును తాకే సరికి బాపట్లలో ఉంటారు.