బీమా ఉద్యోగం, రిక్రూటర్: అపోహలు - వాస్తవాలు

ఒకప్పుడు ఉద్యోగం కోసం రిక్రూటర్లకు ఫోన్లు చేసినదాన్ని, ఇప్పుడు ఆ ఫోన్లు ఎత్తేదాన్ని. క్లెయిమ్స్‌లో కొన్నేళ్లు పనిచేశాక, బీమా కంపెనీలకు, బ్రోకింగ్ సంస్థలకు మనుషుల్ని వెతికిపెట్టే పనిలోకి వచ్చాను. పని బాగా తెలిసినా ఉద్యోగం దొరక్క తిరిగేవాళ్లు తరచూ కనిపిస్తారు. చాలాసార్లు లోపం వాళ్ల పనితనంలో ఉండదు. రిక్రూటర్‌కి ఏం చెప్పాలి, ఏం అడగాలి అన్న దగ్గరే తేడా కొడుతుంది. నాకు ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: "రెజ్యూమె ఇచ్చేశాను, ఇక రిక్రూటరే ఉద్యోగం చూసిపెడతారు."

రిక్రూటర్ ఉద్యోగానికి తగిన మనిషిని వెతుకుతారు, మనిషికి తగిన ఉద్యోగాన్ని కాదు. మాకు ఫీజు కట్టేది కంపెనీ. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం అపార్థాలు పోతాయి.

ఫీజు పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది కంటింజెన్సీ: మేం పంపిన మనిషి చేరితేనే మాకు డబ్బు, లేకపోతే లేదు. అదే పోస్టు మరో మూడు నాలుగు ఏజెన్సీల దగ్గర కూడా ఉండొచ్చు. రెండోది రిటైన్డ్: కంపెనీ ఒక్క ఏజెన్సీకే పని అప్పగించి, ఫీజులో కొంత ముందే ఇస్తుంది. చీఫ్ అండర్‌రైటింగ్ ఆఫీసర్ (ఏ రిస్కుకు, ఏ ధరకు బీమా ఇవ్వాలో తేల్చే అండర్‌రైటర్ల పెద్ద), చీఫ్ యాక్చువరీ (రిస్కును గణాంకాలతో లెక్కకట్టేవాళ్ల పెద్ద) లాంటి పెద్ద పోస్టులు ఎక్కువగా ఇలా భర్తీ అవుతాయి. అందుకే మొదటి ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి. "ఈ పోస్టు మీకొక్కరికే ఇచ్చారా?" "హైరింగ్ మేనేజర్‌తో, అంటే మనిషిని తీసుకునే టీమ్ పెద్దతో, మీరు నేరుగా మాట్లాడారా?" రెండో ప్రశ్నకు అవునన్న రిక్రూటర్, టీమ్‌లో ఎంతమంది ఉన్నారో, పాత మనిషి ఎందుకు వెళ్లారో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో కూడా చెప్పగలరు. ఆ సమాచారం ప్రకటనలో ఉండదు.

మీరు చేరిన కొద్ది నెలల్లోనే మానేస్తే, చాలా ఒప్పందాల ప్రకారం మేం ఫీజు వెనక్కి ఇవ్వాలి, లేదంటే ఇంకొకరిని వెతికిపెట్టాలి. కాబట్టి పని తెలిసిన ఏ రిక్రూటరూ మీకు సరిపడని చోటికి మిమ్మల్ని తోయాలనుకోరు. తోస్తున్నారనిపిస్తే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

ఇంకో మాట. ఉద్యోగం ఇప్పిస్తామని మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో తెచ్చిన 181వ ఒప్పందం, ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు ఉద్యోగార్థుల నుంచి నేరుగా గానీ, మరో రూపంలో గానీ ఫీజు తీసుకోకూడదంటుంది. మినహాయింపులు పరిమితం. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ కిట్ అన్నా, పేరేదైనా అది మీ జేబులోంచి పోయే డబ్బే.

అపోహ: "బీమాలో ఇన్నేళ్ల అనుభవం అని రాస్తే చాలు."

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక క్లెయిమ్స్ ఉద్యోగి రెజ్యూమెలో ఇలా ఉంది: "ప్రాపర్టీ క్లెయిమ్స్‌లో నాలుగేళ్ల అనుభవం. టీమ్‌తో కలిసి పనిచేస్తాను. ఒత్తిడిని తట్టుకోగలను." ఇది చదివితే అతనేం చేస్తాడో నాకు అర్థం కాలేదు. ఫోన్ చేశాను.

"ఇళ్ల క్లెయిములా, కమర్షియలా అండీ?"

"కమర్షియల్ మేడమ్. గోడౌన్లు, చిన్న ఫ్యాక్టరీలు."

"ఎక్కువగా ఏ నష్టాలు?"

"అగ్నిప్రమాదాలు. వాటితోపాటే వ్యాపారం ఆగిపోయిన నష్టం కూడా లెక్కకట్టేవాణ్ని."

"మీ చేతిలో ఒకేసారి ఎన్ని ఫైళ్లు?"

"ఎనభై దాకా."

"పైవాళ్లను అడక్కుండా ఎంత వరకు సెటిల్ చేసే అధికారం ఉంది?"

అక్కడ ఒక క్షణం ఆగాడు. "మా టీమ్‌లో నాదే ఎక్కువ మేడమ్. అది రాయాలని తెలియదు."

ఇరవై నిమిషాల్లో ఆ మూడు వాక్యాల చోట వేరే మూడు వచ్చాయి: కమర్షియల్ ప్రాపర్టీ, ముఖ్యంగా అగ్నిప్రమాదాలు, బిజినెస్ ఇంటరప్షన్, ఒకేసారి ఎనభై ఫైళ్లు, టీమ్‌లో అందరికన్నా ఎక్కువ సెటిల్‌మెంట్ అథారిటీ, మొత్తంతో సహా. మనిషి అతనే, అనుభవమూ అదే. ఆ వారంలోనే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

బీమాలో ఈ అథారిటీ లిమిట్‌కి (పైవాళ్లను అడక్కుండా మీరు నిర్ణయించగల మొత్తానికి) ఉన్న విలువ బయటివాళ్లకు అంతగా తెలియదు. కంపెనీ తన డబ్బు విషయంలో మీ నిర్ణయాన్ని ఎంతవరకు నమ్మిందో ఆ ఒక్క అంకె చెబుతుంది. అండర్‌రైటర్లయితే దాంతోపాటు ఏ క్లాస్ (ప్రాపర్టీ, మెరైన్, లయబిలిటీ, సైబర్), మీరు చూసిన పాలసీల ప్రీమియం మొత్తం ఎంత, కొత్త బిజినెస్ ఎంత, రెన్యువల్ ఎంత, లాస్ రేషియో (ప్రీమియంలో క్లెయిములకు పోయిన శాతం) ఎంత అన్నవి రాయాలి. పోర్ట్‌ఫోలియో కంబైన్డ్ రేషియో 100 శాతం లోపు ఉంటే, అంటే క్లెయిములు, ఖర్చులు కలిపినా ప్రీమియం కంటే తక్కువైతే, తప్పకుండా చెప్పండి. ఒక ఏడాది పెద్ద వరదో తుఫానో వచ్చి అంకె చెడిపోతే అది దాచక్కర్లేదు. ఆ సంఘటనను పక్కనపెడితే ఎంత ఉండేదో రాయండి. చదివేవాళ్లకు ఆ లెక్క అర్థమవుతుంది. బ్రోకర్లయితే ప్లేస్‌మెంట్ (క్లయింట్ రిస్కుకు బీమా కంపెనీని కుదర్చడం) చూశారా, క్లయింట్ సర్వీసింగా, రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీలు తమ రిస్కుకు తీసుకునే బీమా) అయితే ట్రీటీనా (చాలా పాలసీలకు కలిపి ఒకే ఒప్పందం), ఫ్యాకల్టేటివ్‌నా (ఒక్కో రిస్కుకు విడిగా) అన్నది మొదటి లైన్లోనే తెలియాలి.

అయితే క్లయింట్ల పేర్లు, క్లెయిమ్ ఫైళ్లు, రేటింగ్ షీట్లు (ప్రీమియం లెక్కలు) మాత్రం ఎవరికీ పంపొద్దు. "నా పని చూడండి" అంటూ ఒకరు నిజమైన ఫైలే నాకు పంపారు. ఆ క్షణంలోనే అతన్ని ఏ కంపెనీకీ పంపలేనని నాకు అర్థమైంది. పాత యజమాని రహస్యం కాపాడని మనిషిని కొత్త యజమాని ఎలా నమ్ముతాడు?

అపోహ: "ఎంతమంది రిక్రూటర్లకు ఇస్తే అన్ని అవకాశాలు."

ఒకరిద్దరితో గట్టిగా పనిచేయడం వేరు, పదిమందికి రెజ్యూమె చల్లడం వేరు. నేను బాగా ఇష్టపడి పంపిన ఒక మెరైన్ అండర్‌రైటర్ విషయంలో కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. అదే ప్రొఫైల్ మరో ఏజెన్సీ కూడా పంపిందట. రెండింటిలో ఆశించే జీతం వేర్వేరుగా ఉందట. ఫీజు ఎవరికి అన్న తగవు ఎందుకని వాళ్లు ఆమెను పక్కనపెట్టేశారు. ఆమె తప్పల్లా మరో ఏజెన్సీ ఫోన్ చేసినప్పుడు కంపెనీ పేరు అడక్కుండా "సరే, పంపండి" అనడమే.

కాబట్టి కంపెనీ పేరు, పోస్టు పేరు చెప్పి మీ ఒప్పుకోలు తీసుకున్నాకే రెజ్యూమె పంపాలని ప్రతి రిక్రూటర్‌కీ స్పష్టంగా చెప్పండి. ఏ తేదీన, ఎవరి ద్వారా, ఎక్కడికి వెళ్లిందో ఒక చిన్న పట్టిక రాసుకోండి. మీ అంతట మీరు కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి ఉంటే అదీ చెప్పేయండి.

అపోహ: "అన్నీ ముందే చెబితే బేరం చెడుతుంది."

బీమాలో పనిచేసేవాళ్లకు అట్మోస్ట్ గుడ్ ఫెయిత్ (ముఖ్యమైన విషయాలేవీ దాచకూడదన్న సూత్రం) గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. 1766లో ఇంగ్లండ్‌లో కార్టర్, బోమ్ కేసులో న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఈ సూత్రాన్ని వివరించాడు: రిస్కుకు సంబంధించిన అసలు విషయాలు చాలావరకు బీమా కోరే మనిషికే తెలుస్తాయి, అండర్‌రైటర్ అతని మాట నమ్మి ముందుకెళ్తాడు. మీకూ నాకూ మధ్య ఉన్నదీ అదే. ప్రపోజల్ ఫారంలో (బీమా దరఖాస్తులో) దాచింది క్లెయిమ్ రోజున బయటపడినట్టు, నా దగ్గర దాచింది ఆఫర్ లెటర్ రోజున బయటపడుతుంది.

ముందే చెప్పాల్సినవి: నోటీస్ పీరియడ్, రావాల్సిన బోనస్ ఎప్పుడు చేతికొస్తుంది, ఇంకెక్కడ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య ఖాళీ ఎందుకు వచ్చింది. బ్రోకర్లు, సేల్స్ వాళ్లు మరొకటి కూడా చూసుకోవాలి. పాత క్లయింట్లను ఇంతకాలం సంప్రదించకూడదన్న షరతు మీ కాంట్రాక్టులో ఉందేమో చదవండి. "నా క్లయింట్లంతా నాతోనే వస్తారు" అని ఇంటర్వ్యూలో మాటిచ్చి, తర్వాత లీగల్ నోటీసులతో టెన్షన్ పడినవాళ్లు నాకు తెలుసు.

జీతం సంగతి కొంచెం వేరు. ఇప్పుడెంత వస్తోందని అడగడమే కొన్నిచోట్ల నిషిద్ధం. కాలిఫోర్నియాలో 2018 నుంచి ఆ చట్టం ఉంది. ఎక్కడున్నా, మీరు ఎంతకు మారతారో ఒకే అంకె చెప్పి దానిమీద నిలబడండి. అబద్ధపు పాత జీతం చెప్పడం కంటే "అది చెప్పదలచుకోలేదు, ఇంతకు తగ్గితే మాత్రం మారను" అనడం వెయ్యి రెట్లు నయం. నేను ఆ అంకె పట్టుకునే మీ తరఫున కంపెనీతో మాట్లాడతాను.

రాజీనామా ఇచ్చాక ఇప్పుడున్న కంపెనీ జీతం పెంచుతామంటే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి. ఉండిపోవాలనిపిస్తే తప్పేం లేదు, ఆ మాట ఆఫర్‌కి ముందు చెప్పండి. జీతం పెరిగితే చాలనుకుంటే నా దగ్గరికి రాకముందే మీ మేనేజర్‌ని అడిగి చూడండి.

అపోహ: "సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వచ్చినట్టే."

లండన్ చార్టర్డ్ ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ వారి ఏసీఐఐ, అమెరికా సీపీసీయూ, ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వారి ఫెలోషిప్ లాంటి బీమా అర్హతలు తలుపు తీయడానికి పనికొస్తాయి. కానీ "చదువుతున్నాను" అన్నదాన్ని "పూర్తయింది" అని రాయొద్దు, సరిచూసుకోవడం చాలా తేలిక. యాక్చువరీ అభ్యర్థులు ఎన్ని పరీక్షలు పాసయ్యారో, తర్వాతది ఎప్పుడో విడిగా రాస్తే చాలు.

అపోహ: "వారం నుంచి ఫోన్ లేదు, అంటే నన్ను కాదన్నారు."

కాకపోవచ్చు. హైరింగ్ మేనేజర్ రెన్యువల్ సీజన్‌లో మునిగిపోయి ఉండొచ్చు. రీఇన్సూరెన్స్‌లో చాలా ట్రీటీలు జనవరి 1కి రెన్యూ అవుతాయి, కాబట్టి డిసెంబర్‌లో వాళ్ల నుంచి జవాబు రావడం కష్టం. అయినా ఫలితం ఏదైనా మీకు చెప్పడం రిక్రూటర్ బాధ్యత. చెప్పనివాళ్లు తప్పు చేస్తున్నారని, ఈ పనిలో ఉన్నదానిగా నేనే అంటాను.

"ఏమైందండీ?" అని రోజూ మెసేజ్ పెట్టే బదులు, వారానికొకటి ఇలా పెట్టి చూడండి: "పోయిన మంగళవారం లయబిలిటీ అండర్‌రైటర్ పోస్టుకి రెండో రౌండ్ అయింది. మరోచోట నుంచి ఆఫర్ వచ్చేలా ఉంది, శుక్రవారంలోగా జవాబివ్వాలి. నాకు మీ పోస్టే ఇష్టం. మేనేజర్‌ని ఒకసారి కనుక్కోగలరా?" ఈ మెసేజ్ వస్తే నేను హెచ్‌ఆర్‌కి అప్పుడే ఫోన్ చేస్తాను.